కొరియన్ క్యాబేజీ సూప్ ఇంట్లో ఎలా చేయాలి? చలికాలానికి, పూర్తి వెజ్‌లో

చలి మొదలవగానే చాలామంది అడిగేది ఒకటే: "కొరియన్ సూపుల్లో వెజ్ ఏదైనా ఉందా? మనింట్లో చేసుకోగలమా?" ఉంది, చేసుకోవచ్చు. దాని పేరు బేచు డ్వెన్‌జాంగ్ గుక్. పొడుగాటి చైనీస్ క్యాబేజీని, పులియబెట్టిన సోయా ముద్దను కలిపి కాచే పల్చటి సూప్ ఇది. కొరియాలో దీన్ని హోటల్ స్పెషల్ అనుకోరు, ఇళ్లల్లో మామూలుగా అన్నంలోకి పెట్టుకుంటారు. అక్కడ నవంబర్ ప్రాంతంలో ఇంటిల్లిపాదీ కూర్చుని చలికాలానికి సరిపడా కిమ్చీ, అంటే కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీ ఊరగాయ, పెట్టుకుంటారు. కిమ్చీకి పనికిరాని ముదురు పై ఆకులు ఊరికే పోవు, ఇలాంటి సూపుల్లోకి చేరతాయి.

శాకాహారులు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. కొరియాలో ఈ సూప్‌ని ఎక్కువ ఇళ్లల్లో ఎండు నెత్తళ్లు మరిగించిన నీళ్లతోనే చేస్తారు. పైకి కనిపించేది క్యాబేజీ, తోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) మాత్రమే కాబట్టి వెజ్ అనుకుంటాం. కొరియన్ రెస్టారెంట్‌లో "మాంసం వద్దు" అంటే సరిపోదు, నీళ్లు దేంతో కాచారో కూడా అడగాలి. ఇక్కడ చెప్పే పద్ధతిలో నెత్తళ్ల బదులు సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులు వాడతాం. ఇది నేను కల్పించిన సర్దుబాటు కాదు, కొరియాలో బౌద్ధ మఠాల వంట అలాగే ఉంటుంది.

ఈ సూప్ రుచంతా నీళ్లలోనూ ఆ సోయా ముద్దలోనూ ఉంది. ఆ రెండూ కుదిరితే కూరగాయ ఏదైనా సర్దుకోవచ్చు. అవి కుదరకపోతే ఎన్ని కూరగాయలు వేసినా ఉప్పునీళ్లే.

ఏమేం కావాలి (నలుగురికి)

- డ్వెన్‌జాంగ్, అంటే కొరియన్ సోయా ముద్ద: 3 టేబుల్ స్పూన్లు, చెంచాకు సమంగా. చివర్లో చాలకపోతే ఇంకొంచెం
- బియ్యం రెండోసారి కడిగిన నీళ్లు: ఒకటిన్నర లీటరు
- దాషిమా అనే ఎండు సముద్రపు నాచు: అరచేయంత ముక్క ఒకటి, సుమారు 10 గ్రాములు
- ఎండు షీటాకే పుట్టగొడుగులు: 4
- చైనీస్ క్యాబేజీ: 400 గ్రాములు
- తెల్ల ముల్లంగి: 150 గ్రాములు
- గట్టి తోఫు: 200 గ్రాములు
- వెల్లుల్లి: 3 రెబ్బలు, దంచినవి
- ఉల్లికాడలు: 2
- పచ్చిమిర్చి: 1
- కొరియన్ కారం గోచుగారు: అర టీస్పూన్, ఇష్టమైతేనే
- సూప్‌లకు వాడే కొరియన్ సోయా సాస్, గుక్ గాన్‌జాంగ్: 1 లేదా 2 టీస్పూన్లు, చివర్లో రుచి సరిచేయడానికి

మూడు లీటర్లు పట్టే గిన్నె తీసుకోండి. బియ్యపు నీళ్లు నురగతో పైకి పొంగుతాయి, చిన్న గిన్నె అయితే స్టవ్ తుడుచుకోవాల్సి వస్తుంది. ఒక జల్లెడ కూడా దగ్గర పెట్టుకోండి. టీ వడకట్టేది కొంచెం పెద్దదైతే అదే చాలు.

డ్వెన్‌జాంగ్ కొనేటప్పుడు

ఎక్కువమంది తప్పు చేసేది వంటలో కాదు, షాపులో. కొరియన్ సరుకుల వరసలో ఒకేలాంటి చతురస్రపు ప్లాస్టిక్ డబ్బాలు మూడు రంగుల్లో ఉంటాయి. మామూలుగా ఎరుపు డబ్బాలో గోచుజాంగ్, అంటే మిరపకాయ ముద్ద ఉంటుంది. ఆకుపచ్చ డబ్బాలోది సామ్‌జాంగ్, ఆకుల్లో చుట్టుకుని తినేటప్పుడు రాసుకునేది. మనకు కావలసింది గోధుమరంగు డబ్బా. సామ్‌జాంగ్‌లో కూడా సోయా ముద్దే ఉంటుంది కానీ దాంట్లో తీపి, కారం, వెల్లుల్లి ముందే కలిపేస్తారు. దాంతో సూప్ కాస్తే తియ్యతియ్యగా వస్తుంది. రంగును మాత్రమే నమ్మకుండా పేరు కూడా చదవండి.

పేరు సరిపోయాక వెనక లేబుల్ చూడండి. 'సూప్ కోసం', 'జిగే (చిక్కటి సూప్) కోసం' అని అమ్మే కొన్ని రకాల్లో నెత్తళ్లు, ఆల్చిప్పలు, రొయ్యల సారం ముందే కలిపి ఉంటాయి. శాకాహారులు వాటిని వదిలేయాలి. ఫ్యాక్టరీలో చేసిన వాటిలో చాలావరకు గోధుమపిండి కూడా ఉంటుంది కాబట్టి గ్లూటెన్ పడనివాళ్లు జాగ్రత్త. సంప్రదాయ పద్ధతిలో సోయాబీన్స్ ఉడికించి, దంచి, ఇటుకల్లా అచ్చుగట్టి ఆరబెడతారు. తర్వాత ఉప్పునీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను సోయా సాస్‌గా వేరుచేసి, మిగిలిన ముద్దను జాడీల్లో నెలల తరబడి మాగనిస్తారు. ఈ విద్యను యునెస్కో 2024లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటి పాతకాలపు డ్వెన్‌జాంగ్ మీకు దొరికితే అదృష్టమే. కానీ అది ఫ్యాక్టరీదానికంటే ఉప్పగా ఉంటుంది, రెండు చెంచాలతో మొదలుపెట్టండి.

జపాన్ వాళ్ల మిసో వాడొచ్చా? వాడొచ్చు, సూప్ బాగానే ఉంటుంది, కానీ అది వేరే సూప్. పైగా మిసోను ఎక్కువసేపు మరిగిస్తే వాసన పోతుంది, కాబట్టి స్టవ్ కట్టే ముందు కలపాలి. డ్వెన్‌జాంగ్ సంగతి తలకిందులు. అది మరిగేకొద్దీ బాగుంటుంది.

హైదరాబాద్, బెంగళూరు పెద్ద సూపర్‌మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో ఇది దొరుకుతుంది. పెనుకొండ దగ్గర కియా కార్ల ప్లాంటు వచ్చాక అనంతపురం వైపు కొరియన్ భోజనం పెట్టే హోటళ్లు కూడా వెలిశాయి, అటువైపు వాళ్లు ఒకసారి అసలు రుచి చూసి వచ్చి వండితే ఇంకా సులువు. అమెరికాలో ఉన్నవాళ్లు హెచ్ మార్ట్ అనే కొరియన్ సూపర్‌మార్కెట్‌కి వెళ్తే ఈ జాబితా మొత్తం ఒకే చోట దొరుకుతుంది.

నాచు విషయంలో కూడా ఒక పొరపాటు జరుగుతుంది. దాషిమా మందంగా, వెడల్పుగా, అట్టలా గట్టిగా ఉంటుంది. పక్కనే నల్లగా ముడతలు పడిన సన్నటి మియోక్ అనే నాచు ఉంటుంది. అది పుట్టినరోజు నాడూ బాలింతలకూ చేసే సూప్‌లోది. గుప్పెడు వేస్తే గిన్నె నిండా ఉబ్బుతుంది, మన పనికి రాదు. కింబాప్ అనే అన్నం చుట్టలకు వాడే పల్చటి నాచు కాగితం కూడా దీనికి బదులు కాదు.

చేసే విధానం

1. బియ్యం కడిగిన నీళ్లు తీసి పెట్టుకోండి. మొదటిసారి కడిగిన నీళ్లలో దుమ్ము ఉంటుంది, పారబోయండి. రెండోసారి నీళ్లు పోసి, బియ్యాన్ని చేత్తో కాస్త గట్టిగా పిసికి, ఆ తెల్లటి నీళ్లు వంచుకోండి. చాలకపోతే మూడోసారి నీళ్లు కలపండి. ఇందులోని గంజి సోయా ముద్దను నీళ్లలో సమంగా నిలబెడుతుంది, ఉప్పు ఘాటును తగ్గిస్తుంది. అప్పటికప్పుడు తీసిన నీళ్లే వాడండి. పొద్దున తీసి సాయంత్రం దాకా బయట ఉంచితే పులిసిపోతాయి. బియ్యపు నీళ్లు లేకపోతే మామూలు నీళ్లతోనూ చేయొచ్చు, సూప్ కొంచెం పల్చగా అనిపిస్తుంది, అంతే.

2. నాచు, పుట్టగొడుగులు నానబెట్టండి. దాషిమా మీద తెల్లటి పొడి కనిపిస్తే బూజు అనుకుని కడిగేయకండి. రుచి అక్కడే ఉంది. పొడి గుడ్డతో పైపైన తుడిస్తే చాలు. షీటాకేని మాత్రం ఒకసారి కడగాలి, మడతల్లో ఇసుక ఉంటుంది. రెండింటినీ ఆ బియ్యపు నీళ్లలో వేసి అరగంట వదిలేయండి. తీరిక ఉంటే పుట్టగొడుగులను ముందురోజు రాత్రే ఒక గ్లాసు మంచినీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, రుచి బాగా దిగుతుంది. ఆ నీళ్లను కూడా సూప్‌లో పోయాలి, అడుగున తేరిన మడ్డి మాత్రం వదిలేయండి.

3. నీళ్లు కాచండి. మధ్యస్థంగా మంట పెట్టండి. గిన్నె అంచుల వెంట చిన్న చిన్న బుడగలు లేచి, నీళ్లు తెర్లబోతున్నాయనగానే దాషిమా తీసేయండి. ఈ సూప్‌లో గడియారం చూసుకుని చేయాల్సిన పని ఏదైనా ఉందంటే ఇదే. నాచు మరుగుతూ ఉండిపోతే నీళ్లు జిగురుగా, చేదుగా మారతాయి. పుట్టగొడుగులను ఇంకో పది నిమిషాలు సన్నమంట మీద ఉంచి, తీసి, గట్టి కాడలు కోసేసి, గొడుగులను సన్నగా తరగండి.

ఇక్కడ ఒకసారి చెంచాతో రుచి చూడండి. ఉప్పు లేకపోయినా, మింగాక నోట్లో కమ్మదనం మిగలాలి. వట్టి వేడినీళ్లలా ఉంటే ఇంకో పది నిమిషాలు పుట్టగొడుగులు మరిగించండి. ఈ లోపాన్ని తర్వాత సోయా ముద్దతో కప్పిపుచ్చుదామనుకుంటే ఉప్పు ఎక్కువవుతుంది, రుచి మాత్రం రాదు.

4. ఈలోగా కూరగాయలు తరుక్కోండి. క్యాబేజీ ఆకులను రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కోయండి. తెల్లటి కాడల భాగాన్ని, ఆకుపచ్చ భాగాన్ని వేరుగా పెట్టుకోండి, కాడలకు ఎక్కువసేపు కావాలి. ముల్లంగిని పల్చటి పలకలుగా, తోఫును వేలిమందం ముక్కలుగా కోయండి. పై ఆకులు బాగా ముదురుగా ఉంటే విడిగా మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, చన్నీళ్లలో ముంచి, పిండేయండి. పసరు వాసన పోతుంది.

5. సోయా ముద్దను జల్లెడలో వేసి కరిగించండి. నేరుగా గిన్నెలో వేస్తే ఉండలు కడుతుంది, ఎవరి గిన్నెలో ఆ ఉండ పడుతుందో వాళ్లకు ఉప్పు దెబ్బ. జల్లెడను మరుగుతున్న నీళ్లలో సగం ముంచి, అందులో ముద్ద వేసి, చెంచా వెనకవైపుతో రుద్దుతూ కరిగించండి. జల్లెడలో మిగిలే సోయా పలుకులు కొందరు పారేస్తారు. నేనైతే సూప్‌లోనే వేస్తాను, పంటికి తగులుతూ బాగుంటాయి. ఉప్పు ఇప్పుడు వేయకూడదు. ఇప్పుడే కాదు, మొత్తం వంటలో అసలు వేయనవసరం రాకపోవచ్చు.

6. ముందు ముల్లంగి, పుట్టగొడుగులు, క్యాబేజీ కాడలు. ఏడెనిమిది నిమిషాలు మరగనివ్వండి. పైన గోధుమరంగు నురగ తేలుతుంది, గరిటెతో తీసేస్తే సూప్ తేటగా ఉంటుంది. తీయకపోయినా నష్టం లేదు. మూత పూర్తిగా పెట్టకండి, ఓరగా ఉంచండి.

7. తర్వాత ఆకులు, వెల్లుల్లి. మంట తగ్గించి పదిహేను నిమిషాలు. గోచుగారు వేసేదైతే ఇప్పుడే వేయాలి. మన గుంటూరు కారం అదే కొలతలో వేస్తే సూప్ అంతా కారమే అవుతుంది, బదులుగా కాశ్మీరీ కారం పావు టీస్పూన్ వేయండి. అసలు కారం లేకుండా తాగినా ఈ సూప్‌కి లోటేమీ లేదు.

8. చివర్లో తోఫు, పచ్చిమిర్చి, ఉల్లికాడలు. తోఫు వేసి మూడు నిమిషాలు, తర్వాత చీల్చిన మిర్చి, తరిగిన ఉల్లికాడలు వేసి ఒక నిమిషం, స్టవ్ కట్టేయండి. తోఫు వేశాక గరిటెతో గట్టిగా కలపకండి, చితికిపోతుంది. తోఫు దొరకకపోతే మానేయండి, పనీర్ మాత్రం వేయకండి. ఆ పాల వాసనకీ ఈ సోయా వాసనకీ పొత్తు కుదరదు.

అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి

క్యాబేజీ తెల్లకాడ అద్దంలా మారి, చెంచాతో నొక్కితే తెగాలి. కరకరలాడుతూ ఉంటే ఇంకా కాలేదు. సగం ఉడికిన కూరగాయలు చైనీస్ వంటలకు అందంగానీ ఈ సూప్‌కి కాదు, ఆకు మెత్తబడి తన తీపిని నీళ్లకు ఇవ్వాలి. ముల్లంగి లోపల తెల్లటి గీత కనిపించకూడదు. వాసన కూడా చూడండి. మొదట వచ్చే ఘాటైన సోయా వాసన తగ్గి, కమ్మటి వాసన రావాలి.

ఉప్పు చూసే పద్ధతి కొంచెం వేరు. వట్టి చెంచా సూప్ కాకుండా, ఒక ముద్ద అన్నంతో కలిపి రుచి చూడండి. ఇది అన్నంలోకి తినే సూప్ కాబట్టి లెక్క అక్కడే తేలాలి. చాలకపోతే ముందు అర చెంచా సోయా ముద్ద కరిగించి వేయండి, ఆ తర్వాత కూడా తక్కువనిపిస్తే గుక్ గాన్‌జాంగ్ ఒక టీస్పూన్. అది లేకపోతే కాస్త ఉప్పు. ఫ్రైడ్ రైస్‌లో వేసే నల్లటి డార్క్ సోయా సాస్ మాత్రం వద్దు, రంగూ రుచీ రెండూ పాడవుతాయి.

గిన్నెలో పోసి కాసేపు ఉంచితే సోయా రేణువులు అడుగుకు దిగి, పైన తేట నీళ్లు నిలుస్తాయి. అది విరిగిపోవడం కాదు, సహజమే. చెంచాతో ఒకసారి తిప్పి తాగండి.

ఎక్కడ చెడుతుంది, ఏం చేయాలి

ఉప్పెక్కువైతే వేడినీళ్లు, ఇంకొంచెం తోఫు లేదా ముల్లంగి వేసి ఐదు నిమిషాలు మరిగించండి. నిమ్మకాయ పిండి సరిచేయాలని చూడకండి.

చేదుగా ఉంటే నాచు ఆలస్యంగా తీసి ఉంటారు, లేదా సోయా ముద్ద బాగా పాతదై ఉంటుంది. చిటికెడు పంచదార కొంతవరకు సర్దుతుంది.

చప్పగా, నీళ్లగా ఉంటే క్యాబేజీ వదిలిన నీళ్లను మీరు లెక్కలోకి తీసుకోలేదన్నమాట. మూత తీసి ఇంకో ఎనిమిది నిమిషాలు మరగనివ్వండి. కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కబరిస్తే అది రెస్టారెంట్ స్వీట్‌కార్న్ సూప్‌కి చెల్లెలవుతుంది. గుక్ పల్చగానే ఉండాలి. చిక్కటిది కావాలంటే కొరియా వాళ్లే జిగే అని వేరేగా చేసుకుంటారు, అందులో నీళ్లు తక్కువ, సోయా ముద్ద ఎక్కువ.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మన అలవాటు. రుచి చూడగానే "ఏదో తక్కువైంది" అనిపిస్తుంది, చేయి పోపుల డబ్బా మీదికి పోతుంది. ఆవాలు, కరివేపాకు, పసుపు, చింతపండు, మిరియాల పొడి, ఏవీ వద్దు. తక్కువైందనిపించేది పులుపు. అది ఈ సూప్‌లో ఉండదు, పక్కన పెట్టుకున్న కిమ్చీలో ఉంటుంది. కిమ్చీ లేకపోతే ముల్లంగి ముక్కలను ఉప్పు, వెనిగర్, చిటికెడు పంచదారలో అరగంట ఊరబెట్టి నంజుకోండి. కిమ్చీ కొనేవాళ్లు దాని లేబుల్ కూడా చదవాలి, మామూలుగా అందులో చేపల సాసో రొయ్యల ఊరగాయో కలుస్తుంది.

పైన నువ్వుల నూనె చుక్కలు వేయొచ్చా అనీ అడుగుతుంటారు. కొరియా వాళ్లది వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె, వాసన పూర్తిగా వేరు. మన గానుగ నూనె ఆ పని చేయదు. అసలు ఈ సూప్‌కి నూనె అవసరమే లేదు. ఒక్క చుక్క కూడా లేకుండా అయ్యే వంట ఇది.

ప్రెషర్ కుక్కర్ కూడా పక్కన పెట్టండి. రెండు విజిల్స్‌కి క్యాబేజీ పీచులు పీచులుగా అయిపోతుంది, వాసన వంటిల్లంతా పట్టుకుంటుంది. మామూలుగా మరిగించినా ఈ వాసన గట్టిదే, కిటికీ తీసి ఉంచండి.

చైనీస్ క్యాబేజీ దొరకకపోతే

మామూలు గుండ్రటి క్యాబేజీతో చేయొచ్చు, కాస్త తియ్యగా ఉంటుంది, ఉడకడానికి ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది. పాలకూరతో చేయడం కొరియాలోనూ ఉంది. ఆకును మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి పిండి, చివరి మూడు నిమిషాల్లో వేయండి. మన దగ్గర అన్నిటికంటే తేలిగ్గా దొరికేది, చాలామంది పారేసేది ముల్లంగి ఆకు. కొరియాలో ముల్లంగి ఆకులను చలికాలానికి ఎండబెట్టి, నానబెట్టి, ఉడికించి సరిగ్గా ఇలాంటి సూప్‌లోనే వేస్తారు. మీరు పచ్చి ఆకును ఐదు నిమిషాలు ఉడికించి, నీళ్లు పారబోసి, పిండి, ఒక చెంచా సోయా ముద్ద పట్టించి అప్పుడు వేయండి. నా ఓటు దీనికే. క్యాబేజీ సూప్‌కంటే ముతకగా ఉంటుంది, కానీ రుచి ఎక్కువ.

దాషిమా దొరకకపోతే షీటాకే ఇంకో రెండు పెంచి, ముల్లంగి తొక్కు, ఒక ఉల్లికాడ వేళ్లభాగం వేసి ఇరవై నిమిషాలు మరిగించి వడకట్టండి. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు ఎలాగూ ఈ దారిలో వెళ్లడమే మంచిది. ఈ నాచులో అయోడిన్ చాలా ఎక్కువ, వాడాలనుకుంటే డాక్టర్ని అడిగి వాడండి. బీపీ ఉన్నవాళ్లు నీళ్లు తగ్గించి ముక్కలు ఎక్కువ తినేలా వడ్డించుకోవాలి, ఎందుకంటే ఉప్పంతా నీళ్లలోనే ఉంటుంది.

కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది. కొరియన్ బౌద్ధ మఠాల వంటలో ఐదు ఘాటు పదార్థాలు నిషిద్ధం, వాటిలో ఉల్లి, వెల్లుల్లి జాతులతోపాటు ఇంగువ కూడా ఉంది. కాబట్టి ఆ రెండూ తీసేస్తున్నాం కదా అని బదులుగా ఇంగువ వేయకండి. పుట్టగొడుగులు కొంచెం పెంచితే సరిపోతుంది.

వడ్డించడం, దాచడం

వేడన్నం ఒక గిన్నెలో, సూప్ ఇంకో గిన్నెలో. కొరియాలో అన్నం ఎడమవైపు, సూప్ కుడివైపు పెట్టి, రెండూ చెంచాతో తింటారు. అన్నం సూప్‌లో కలుపుకుని తిన్నా ఎవరూ ఏమీ అనరు. వాళ్ల బియ్యం పొట్టిగా, కాస్త అతుక్కునే రకం. మన సోనా మసూరి అయితే కొంచెం నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండండి.

మిగిలింది ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది, రెండోరోజు ఇంకా బాగుంటుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు నీళ్లు ఇగిరి ఉప్పు పెరుగుతుంది కాబట్టి అర గ్లాసు నీళ్లు కలపండి. ఫ్రీజర్‌లో పెట్టేదైతే తోఫు తీసేసి పెట్టండి, గడ్డకట్టి కరిగాక అది స్పాంజిలా అవుతుంది.

తెరిచిన డ్వెన్‌జాంగ్ డబ్బాను ఆవకాయ జాడీలాగే చూసుకోవాలి, తడి చెంచా పెట్టకూడదు. పైభాగం సమంగా అణిచి, డబ్బాలో వచ్చిన కాగితాన్ని మళ్లీ దాని మీదే కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి. రోజులు గడిచేకొద్దీ పైన రంగు ముదురుతుంది, అది పాడవడం కాదు. ఆకుపచ్చగానో నల్లగానో బూజు కనిపిస్తే మాత్రం పారేయండి.